తొలి కాన్పు, పురిటి నొప్పుల భయం: ఒక లేబర్ రూమ్ నర్సు సమాధానం

ముప్పై ఆరో వారం, తొలిచూలు, నొప్పుల మాటెత్తితేనే నిద్ర పట్టడం లేదని రాశావు. అమ్మని అడిగితే "ఆ టైమొస్తే అదే తెలుస్తుందిలే" అని దాటేస్తోందన్నావు. అత్తగారేమో మంచి ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించేద్దాం అంటున్నారన్నావు. నొప్పి అసలు ఎలా ఉంటుంది, ఆసుపత్రికి ఎప్పుడు బయల్దేరాలి, తట్టుకోలేకపోతే ఏంటి పరిస్థితి అన్నవి ఉన్నదున్నట్టు చెప్పమన్నావు.

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో ఇరవై రెండేళ్లకు పైగా స్టాఫ్ నర్సుని. నా చేతుల మీద ఎన్ని కాన్పులు జరిగాయో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఇద్దరు పిల్లల తల్లిని. నువ్వు అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకు, మా పెద్దమ్మాయి నీకంటే నాలుగైదేళ్లు చిన్నది, అంతే.

ముందు నా సంగతి చెప్తాను. 2004లో నా మొదటి కాన్పు. అప్పటికి ఏడాదిన్నరగా లేబర్ రూమ్ డ్యూటీ చేస్తున్నాను. గర్భసంచి మూతి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో వేళ్లతో చూసి చెప్పగలను, బిడ్డ గుండె లెక్కపెట్టగలను. నాకింకేం భయం అనుకున్నాను. నాన్న తెలిసినవాళ్ల ద్వారా ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఏర్పాటు చేశారు. రాత్రి రెండింటికి నన్ను లోపలికి తీసుకెళ్లి, అమ్మని బయట కూర్చోబెట్టి తలుపేశారు. వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి సెలైన్ పెట్టి, కదలొద్దన్నారు. ఎవరూ ఏమీ చెప్పరు. అరగంటకొకరు వచ్చి చూసి వెళ్తారు. ఒకసారి గట్టిగా అరిచాను. డ్యూటీలో ఉన్నామె వచ్చి ఒక మాట అంది. ఇక్కడ రాయలేను కానీ మన దగ్గర కాన్పులగదుల్లో ఆ మాట విన్నవాళ్లకి అదేంటో తెలుసు. నేను ఏడ్చింది నొప్పికి కాదు, ఆ మాటకి. ఇంకా చెప్పాలంటే, సరిగ్గా అదే మాట నేనూ అంతకు కొన్ని నెలల ముందు ఒక పేషెంటుని అన్నాను. అది గుర్తొచ్చి ఏడ్చాను.

రెండో కాన్పు 2008లో, నేను పనిచేసే ఆసుపత్రిలోనే. నొప్పులు మొదటిసారి కంటే తక్కువేం కాదు. కానీ ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ సంతోషంగా ఉంటుంది. తేడా ఎక్కడొచ్చిందో కింద చెప్తాను, ఎందుకంటే నీకు నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా అదే.

ఇప్పుడు నొప్పి సంగతి. సినిమాల్లో చూపించినట్టు ఉన్నపళంగా కడుపు పట్టుకుని కేకపెట్టడం చాలా అరుదు. ఎక్కువమందికి నడుములో మొదలవుతుంది. నెలసరి ముందు రోజు లాగినట్టు ఉంటుంది కదా, అలా. అది నడుము నుంచి ముందుకి పాకి పొత్తికడుపు కింద బిగుసుకుంటుంది. చెయ్యి పెట్టి చూస్తే పొట్ట రాయిలా గట్టిపడి ఉంటుంది. మెల్లగా పెరిగి, ఒక చోట పట్టేసి, మళ్లీ మెల్లగా వదులుతుంది. వదిలాక ఏమీ ఉండదు. నిజంగానే ఏమీ ఉండదు, మాట్లాడొచ్చు, టీ తాగొచ్చు, కునుకు కూడా తీయొచ్చు. ఇది ఎవరూ చెప్పరు. నొప్పులంటే పంటినొప్పిలా గంటల తరబడి ఆగకుండా ఉంటాయని అమ్మాయిలు భయపడతారు.

ఒక చిన్న లెక్క వేసి చూడు. నొప్పులు బాగా ఊపందుకున్నాక పది నిమిషాల్లో మూడు వస్తాయి, ఒక్కోటి సుమారు 45 సెకన్లు. అంటే పది నిమిషాల్లో నొప్పి ఉన్నది రెండుంపావు నిమిషాలు. మిగతా ఏడున్నర నిమిషాలకు పైగా విశ్రాంతి. చివర్లో నాలుగైదు వస్తాయి, నిమిషం దాకా ఉంటాయి, అప్పుడు సగం సగం అవుతుంది. ఆ సగం సగం దశ అందరికీ కష్టమే, అబద్ధం చెప్పను. కానీ అది చివరి భాగం మాత్రమే.

గర్భసంచి మూతి పూర్తిగా తెరుచుకోవడమంటే పది సెంటీమీటర్లు. మొదటి ఐదు సెంటీమీటర్లకే సమయం ఎక్కువ పడుతుంది. తొలి కాన్పులో ఒక పగలూ రాత్రీ పట్టినా ఆశ్చర్యం లేదు. ఐదు దాటాక వేగం పెరుగుతుంది, అక్కడి నుంచి మామూలుగా పన్నెండు గంటలు మించదు. మేం చదువుకునే రోజుల్లో గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలి, లేకపోతే ఏదో తేడా ఉన్నట్టే అని నేర్పారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్కనే పట్టుకుని కూర్చోవద్దని చెప్పింది, తల్లీ బిడ్డా బాగుంటే నిదానంగా సాగినా ఫర్వాలేదని. కాబట్టి మూడు సెంటీమీటర్ల దగ్గర ఆరు గంటలుగా ఉన్నావని ఎవరైనా అంటే నీ ఒంట్లో ఏదో లోపం ఉందనుకోకు.

దొంగ నొప్పులని కూడా ఉంటాయి. ఈ నెలంతా నీకు వస్తూ పోతూ ఉండొచ్చు. కాసేపు నడిస్తేనో, పక్కకి తిరిగి పడుకుంటేనో, నీళ్లు తాగితేనో తగ్గిపోతాయి, ఒక వరస ఉండదు. అసలు నొప్పులు ఏం చేసినా తగ్గవు, మధ్యలో గ్యాప్ తగ్గుతూ వస్తుంది. జిగురుగా, రక్తపు చారతో తెల్లబట్ట లాంటిది కనపడితే మేం 'షో' అంటాం. అది కనపడగానే పరుగెత్తక్కర్లేదు, నొప్పులకి ఇంకా ఒకట్రెండు రోజులు పట్టొచ్చు.

ఎప్పుడు బయల్దేరాలి? ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా ఫోన్‌లో టైము చూసుకో. ఐదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం దాకా, ఇలా గంటసేపు సాగితే బయల్దేరు. ఇల్లు దూరమైతే, రోడ్డు బాగోకపోతే ఇంకాస్త ముందే. ఇంత వరకు తొలి కాన్పు మాట. రెండో కాన్పుకి ఇంత టైము ఉండదు, మా ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలోనే పుట్టిన పిల్లలు ఉన్నారు.

నొప్పులతో సంబంధం లేకుండా వెంటనే వెళ్లాల్సినవి వేరే ఉన్నాయి, ఇవి మీ ఆయనకి కూడా చెప్పి ఉంచు. ఉమ్మనీరు పోవడం, ముఖ్యంగా అది ఆకుపచ్చగానో ముదురు రంగులోనో ఉంటే. ఎర్రటి రక్తం పోవడం. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం. తల పగిలిపోయేంత నొప్పి, కళ్లు మసకలు, పైకడుపులో నొప్పి, వీటికి కారణం బీపీ కావచ్చు. ఈ వారంలోనే, అంటే ముప్పై ఏడు నిండకముందే నొప్పులు వరసగా మొదలైనా సరే. వీటిలో ఏది కనపడినా "పొద్దున చూద్దాంలే" అనొద్దు. కారు లేకపోతే 108కి చెయ్యి. తెలంగాణలో గర్భిణుల కోసం 102 బండి కూడా ఉంది.

ఆసుపత్రికి వెళ్లాక లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. బీపీ చూస్తారు, పొట్ట మీద బిడ్డ గుండె వింటారు, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. చేతికి గ్లవ్స్ వేసుకుని లోపల పరీక్ష చేస్తారు. అది ఇబ్బందిగా ఉంటుంది, ఊపిరి బిగపట్టకుండా మెల్లగా వదిలితే కాస్త తేలిక. అంతా సవ్యంగా ఉంటే ఆ పరీక్ష నాలుగు గంటలకోసారి చాలు. గంటకోసారి వచ్చి చేస్తుంటే ఎందుకని అడగొచ్చు, తప్పేం లేదు. వెంట్రుకలు తీయించుకోవడం, ఎనీమా (విరేచనం అయ్యేలా కింది నుంచి మందు) ఇవ్వడం ఇప్పుడు అవసరం లేదు, కొన్ని చోట్ల పాత అలవాటుగా ఇంకా చేస్తున్నారు.

వెల్లకిలా పడుకోవాలని రూలేం లేదు. నిజానికి అలా పడుకుంటే గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, నొప్పీ ఎక్కువనిపిస్తుంది. నడువు, మంచం పట్టుకుని ముందుకి వంగు, ఎడమ పక్కకి తిరిగి పడుకో. మా నాయనమ్మ కాలంలో దూలానికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని గొంతుక్కూర్చుని కనేవాళ్లట. మంత్రసానుల పద్ధతుల్లో ప్రమాదకరమైనవి చాలానే ఉండేవి, కానీ ఈ ఒక్క విషయంలో ఆ ముసలమ్మలకి మా టేబుళ్లు తయారుచేసిన వాళ్లకంటే ఎక్కువే తెలుసు. ఆపరేషన్ అవసరం పడేలా లేకపోతే తేలికగా తినొచ్చు కూడా, ఇడ్లీ, జావ, కొబ్బరినీళ్లు. అయితే మీ డాక్టర్ వద్దంటే వద్దు. ఆముదం తాగితే నొప్పులొస్తాయని ఎవరైనా చెప్తే మాత్రం వినకు, విరేచనాలు పట్టుకుని నీరసపడి వచ్చిన వాళ్లని చూశాను.

ఇక నువ్వు అడిగిన మూడోది, తట్టుకోలేకపోతే?

దాదాపు ప్రతి ఒక్కరికీ ఒక ఘడియ వస్తుంది. ఒళ్లంతా వణుకుతుంది, వాంతి అవుతుంది, చెమటలు పడతాయి, "నా వల్ల కాదు, కోసి తీసేయండి, నన్ను ఇంటికి పంపించేయండి" అంటారు. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న అమ్మాయి మొగుణ్ణి తిడుతుంది, నన్ను తిడుతుంది. కొత్త నర్సులు అది చూసి కంగారుపడి డాక్టర్ని పిలుస్తారు. నాకైతే ఆ మాట వినపడగానే ప్రాణం తేలికపడుతుంది, ఎందుకంటే చాలాసార్లు అది ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర వచ్చే మాట. ఇక ఎక్కువసేపు లేదని అర్థం. నువ్వూ అంటావు. అన్నప్పుడు గుర్తుపెట్టుకో, లేకపోతే పక్కనున్న వాళ్లని గుర్తుచేయమను.

మూతి పూర్తిగా తెరుచుకున్నాక దొడ్డికి వచ్చినట్టు అనిపిస్తుంది. సిగ్గుపడి చాలామంది చెప్పరు, ఆపుకుంటారు. అది బిడ్డ తల కిందికి దిగి నొక్కడం. ముక్కేటప్పుడు నిజంగానే కాస్త దొడ్డికి అవుతుంది కూడా. మేం తుడిచేసి మా పని మేం చేసుకుంటాం, మాకదో విషయమే కాదు. ఇరవై రెండేళ్లలో దాని గురించి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకున్నది లేదు. దాని కోసం ముక్కడం మాత్రం ఆపకు. తొలి కాన్పులో ఈ దశ మూడు గంటల దాకా కూడా పట్టొచ్చు. నొప్పి వచ్చినప్పుడే ముక్కు, లేనప్పుడు ఒళ్లు వదిలేసి పడుకో. గొంతులోంచి అరిస్తే బలం పైకి పోతుంది, గడ్డం ఛాతీకి ఆనించి బలం కిందికి పెట్టు. తల బయటపడేటప్పుడు చర్మం సాగి మంట పుడుతుంది, పచ్చిమిరపకాయ నూరి రాసినట్టు. అప్పుడు ముక్కొద్దు అంటాం, వేడి టీ చల్లార్చినట్టు నోటితో ఊదమంటాం. తల నెమ్మదిగా వస్తే చీలిక తక్కువ, కుట్లు తక్కువ. ప్రతి తొలి కాన్పుకీ కత్తెర వేయాలనేది పాత పద్ధతి, ఇప్పుడు అవసరమైతేనే వేయాలి. పొట్ట మీద చేతులేసి, మోచేత్తో కిందికి తొయ్యడం కూడా తప్పు. ఎవరైనా చేయబోతే మీవాళ్లు వద్దని చెప్పాలి.

తల, భుజం, తర్వాత జారిపోయినట్టు మొత్తం ఒక్కసారిగా. ఆ ఖాళీ అయిన సుఖం ఎలా ఉంటుందో నాకు రాయడం రాదు.

బిడ్డని నేరుగా నీ గుండెల మీద వెయ్యమని ముందే అడుగు. బొడ్డుతాడు వెంటనే కట్ చేయకుండా ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాల దాకా ఆగితే మాయలోని రక్తం బిడ్డకి చేరుతుంది, రక్తహీనత తగ్గుతుంది. నీ తొడకి ఒక ఇంజెక్షన్ ఇస్తారు, రక్తస్రావం ఎక్కువ కాకుండా. మాయ అరగంటలోపు పడుతుంది. గంటలోపు పాలు పట్టించు. మొదట వచ్చే ముర్రుపాలు పసుపుగా, చిక్కగా, రెండు మూడు చెంచాలే ఉంటాయి, "పాలు పడలేదు" అని ఎవరైనా డబ్బా తెప్పించబోతే ఆపు. తేనె నాకించడం అసలు వద్దు, పెద్దవాళ్లు ఎంత బతిమాలినా సరే.

నొప్పి తగ్గించే మార్గాలు లేవని కాదు. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ బాగా పనిచేస్తుంది, ఇరవై నిమిషాల్లో తేలికపడుతుంది. మత్తు డాక్టర్ ఎప్పుడూ అందుబాటులో ఉండే పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. ముక్కే దశ కాస్త పొడుగవుతుంది, అంతేగానీ అది తీసుకుంటే ఆపరేషన్ తప్పదనేది నిజం కాదు. తీసుకోవాలనిపిస్తే తీసుకో, నొప్పి పడితేనే తల్లివి అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

ముహూర్తం మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం మొత్తం మీద చూస్తే 21. మన ఆడవాళ్ల కటి ఎముకలు మిగతా దేశం వాళ్లకంటే చిన్నవేం కాదు కదా. ఆపరేషన్‌ని నేను తిట్టడం లేదు. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ కిందికి ఉంటే, బిడ్డ గుండె పడిపోతే అదే ప్రాణం నిలబెడుతుంది, నా కళ్లముందే ఎన్నోసార్లు నిలబెట్టింది. ఆ పరిస్థితి వస్తే క్షణం ఆలోచించకుండా సంతకం పెట్టు. కానీ నొప్పి ఉండదని చేయించుకోవడం లెక్క తప్పడమే. ఆ నొప్పి తర్వాత వస్తుంది, దగ్గినా తుమ్మినా, మంచం మీంచి లేచినా, పాలివ్వడానికి వంగినా. మళ్లీ కాన్పులో ఆ పాత కుట్టుతో మాయ అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంటుంది. మంచి నక్షత్రం కోసం ముప్పై తొమ్మిది వారాలు నిండకుండా తీసిన పిల్లలు ఊపిరాడక ఇంక్యుబేటర్ పెట్టెలో గడిపిన రోజులు నేను చూశాను. అత్తగారితో గొడవపడకు, "డాక్టర్ గారు ముప్పై తొమ్మిది నిండాకే అన్నారు అత్తయ్యా" అని డాక్టర్ మీదికి తోసెయ్.

ఇప్పుడు నా రెండో కాన్పు. మా అమ్మే పక్కన ఉంటుందనుకున్నాను. అమ్మ వచ్చింది, నేను మొదటి నొప్పికి పళ్లు బిగబట్టగానే ఏడుపు మొదలుపెట్టింది. "వద్దమ్మా ఆపరేషన్ చేయించుకో" అంటుంది, నేను అమ్మని ఓదార్చాల్సొచ్చింది. మా సిస్టర్ ఇన్‌ఛార్జ్ అమ్మని బయటికి పంపి మా అత్తగారిని లోపలికి రమ్మంది. మా అత్తగారు నాతో అప్పటిదాకా పది మాటలు కలిపి మాట్లాడిన మనిషి కాదు. ఐదుగురిని ఇంట్లోనే కన్నది. వచ్చి, చీర కొంగు నడుముకి చుట్టి, కొబ్బరినూనె చేతికి రాసుకుని, నొప్పి వచ్చిన ప్రతిసారీ నా నడుము కింద అరచేత్తో గట్టిగా నొక్కేది. పోగానే చెయ్యి తీసేసి నీళ్లు తాగించేది. ఏడు గంటలు అంతే. "అయిపోయింది, ఇదొక్కటే" అని తప్ప ఇంకో మాట లేదు. నాకు భయం వెయ్యలేదు. మొదటిసారి నొప్పి లేని ఏడున్నర నిమిషాలు కూడా భయంతోనే గడిచాయి. రెండోసారి అవి విశ్రాంతిగా గడిచాయి.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. కాన్పంతా పక్కన ఒకరు నిలబడితే కాన్పు టైము తగ్గుతుందని, ఆపరేషన్లు తగ్గుతాయని, తల్లికి చేదు జ్ఞాపకం మిగలడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడుగా ఒక మహిళని లోపలికి రానివ్వాలని చెప్పింది. జరుగుతోందా అంటే, కొన్ని చోట్ల జరుగుతోంది. మా దగ్గర కూడా రద్దీ ఉన్న రాత్రి "బయట కూర్చోండి" అనేస్తాం, ఒప్పుకుంటున్నాను. 2017 నుంచి తెలంగాణలో నర్సులకి ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులు చేయించే శిక్షణ ఇస్తున్నారు. ఆ శిక్షణ తీసుకున్న అమ్మాయిలు ఉన్న లేబర్ రూమ్‌కి వెళ్తే అరుపులు తక్కువగా వినపడతాయి, మావీ పేషెంట్లవీ.

అందుకని ఎవరు పక్కన ఉండాలో నువ్వే ఇప్పుడే తేల్చుకో. ప్రేమ ఎక్కువున్న మనిషి కాదు, నిబ్బరం ఉన్న మనిషి కావాలి. పిన్ని కావచ్చు, వదిన కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. మీ ఆయన్ని రానిచ్చే ఆసుపత్రి అయితే, రక్తం చూసి తూలిపడకపోతే, ఆయనే కావచ్చు. ఎవరైనా సరే, వాళ్లకి రెండు పనులు నేర్పు, నడుము నొక్కడం, నొప్పి లేనప్పుడు నీళ్లివ్వడం.

కాన్పు తర్వాత సంగతి క్లుప్తంగా. గంటలోపే ప్యాడ్ మొత్తం తడిసిపోయేంత రక్తం పోతే, జ్వరం వస్తే, కాలి పిక్క వాచి నొప్పిగా ఉంటే వెంటనే చూపించుకో. మూడో రోజుకి కారణం లేకుండా ఏడుపొస్తుంది, అది మామూలే. రెండు వారాలు దాటినా పోకపోతే డాక్టర్‌కి చెప్పాలి, సిగ్గుపడే విషయం కాదు. వెల్లుల్లి కారం, శొంఠి, కాయం పెడితే తిను, రుచిగానే ఉంటాయి. బాలింతకి నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని దాహంతో ఉంచితే మాత్రం ఒప్పుకోకు.

నెక్స్ట్ చెకప్‌కి వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడిగి రా. లేబర్ రూమ్‌లోకి నాతో ఒకరిని రానిస్తారా? నొప్పులప్పుడు నడవనిస్తారా? రెంటికీ కాదంటే, ఇంకా మూడు నాలుగు వారాలుంది, వేరే ఆసుపత్రి చూసుకోవడానికి ఆ టైము సరిపోతుంది. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లు, ముఖ్యంగా బ్లడ్ గ్రూపు కాగితం.